తళతళలాడిన గిన్నెలు

అత్తగారి పెట్టె గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది. దాని మీద గొడుగు. అది చూడగానే అమ్మడు గుమ్మంలోనే ఆగిపోయింది.

ఏడో నెల కడుపు. హోటల్లో చిరిగిన దుప్పట్లకు అతుకులేసే పని ఆమెది. నడుం పీకుతోందని ఆ రోజు కాస్త ముందుగా ఇంటికొచ్చేసింది. లేకపోతే ఆ పెట్టె కంటపడేదే కాదు.

పుట్టినప్పటి నుంచీ ఆమెను అందరూ అమ్మడనే అంటారు. దేశం కాని దేశానికి ఒక్కతే పనికొచ్చి, ఆ హోటల్లోనే లిఫ్టులు బాగుచేసే ఆ దేశపు కుర్రాణ్ణి చేసుకుంది. దుప్పట్ల బండితో సహా లిఫ్టులో ఇరుక్కుపోయిన పూట, పైనుంచి తలకిందులుగా తొంగిచూసి "భయపడకండి" అన్న మొహాన్నే పెళ్లాడింది. ఫోన్లో ఆ కథ విని వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. నెల తిరక్కుండానే "మా లిఫ్టల్లుడు" అని ఇరుగుపొరుగుకు చెప్పుకోవడం మొదలుపెట్టింది. అతని భాష అమ్మడికి బాగానే పట్టుబడింది. అతని తల్లిని మాత్రం "అత్తయ్యా" అనే పిలిచేది. ఆవిడా ఆ పిలుపుకి పలికేది.

వంటగదిలో భర్త చల్లారిపోయిన టీ ముందు కూర్చుని ఉన్నాడు.

"ఆ పెట్టె ఏమిటి?"

"అమ్మ వెళ్లిపోతోంది. సాయంత్రం రైలుకి."

"పురుడయ్యేదాకా ఉంటానన్నారుగా!"

"అనుకుంది. కానీ కోపమొచ్చింది."

"ఎప్పుడొచ్చింది?"

"ఎప్పుడేమిటి? ఇక్కడికొచ్చిన కొత్తలోనే వచ్చింది. ఇంకా తగ్గలేదు."

అత్తయ్యకి కోపమా? గొంతు పెంచడం కాదు కదా, మొహం ముడుచుకోవడం కూడా తెలియని మనిషి! "మరి నాతో ఎవరూ చెప్పలేదే?" అంది.

అతను ఆమె కంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "చెప్పడమెందుకు? గిన్నెలు కనబడుతూనే ఉన్నాయిగా!"

అమ్మడు తలతిప్పి చూసింది. గోడవారన బోర్లించిన గిన్నెలు ఎండకి కళ్లు జిగేల్‌మనేలా మెరుస్తున్నాయి. ఏ గిన్నె అడుగునా మసి జాడ లేదు. మూతల్లో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

"మా ఇంట్లో కోపమొస్తే అరవరు, గిన్నెలు తోముతారు. ఎంత కోపమో అంత మెరుపు. నాన్నతో గొడవైన ఏడాది మా బాణలికి చిల్లు పడింది."

అమ్మడు ఒక మూత చేతిలోకి తీసుకుంది. తను డ్యూటీ నుంచి వచ్చేసరికి గిన్నెలు తళతళలాడుతుంటే ఎంత మురిసిపోయింది! ఫోన్లో అమ్మకి ఒక్కొక్కటే ఎత్తి చూపించింది కూడా. "పెద్దావిడ చేత అంట్లు తోమిస్తున్నావుటే, సిగ్గులేదూ!" అని మొదట కేకలేసిన అమ్మ, తర్వాత "మా అమ్మడి అత్తగారు దేవత" అని వీధంతా చాటింపు వేసింది. ఆ మెరుపంతా తిట్లన్నమాట! తిట్లు తినడమే కాకుండా వీడియో కాల్ చేసి మరీ పుట్టింటికి చూపించింది.

"ఇంతకీ నేను చేసిన తప్పేమిటి?"

"ఏ పని ముట్టుకోబోయినా 'మీరు కూర్చోండి' అంటావట. మాలో అలా చుట్టాలతోనే అంటారు. ఇంటి మనిషిని కూర్చోమనరు. చుట్టంగానే చూస్తున్నప్పుడు చుట్టంలాగే వెళ్లిపోతానంటోంది."

అత్తగారు చెయ్యి కదిపేలోపు పని అందుకోవడం కంటే పెద్ద మర్యాద అమ్మడికి తెలీదు. తన వాళ్లెవరికీ వీసా రాలేదు. ఈవిడా గడప దాటితే పసిగుడ్డుకి నీళ్లు పోసే చెయ్యే ఉండదు. పైగా మనసు విరిగి వెళ్తున్న మనిషి మళ్లీ వస్తుందన్న నమ్మకం ఏముంది?

స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని తల్లికి ఫోన్ చేసింది. గిన్నెల మాట ఎత్తకుండా మిగతాదంతా చెబితే, "అత్తగారికి పని చెప్తావా? కళ్లు పోతాయే!" అంది అమ్మ.

"చెప్పకపోతే ఆవిడ పోతుందే అమ్మా!"

అమ్మ దిగొచ్చింది. "సరే, చిన్న పని చెప్పు. బరువుది చెప్పకు."

అమ్మడు బయటికొచ్చేసరికి అత్తగారు కోటు గుండీలు పెట్టుకుంటోంది. అమ్మడు సూదీ దారం పట్టుకుని ఎదురెళ్లింది. "అత్తయ్యా, కాస్త ఈ దారం ఎక్కించి పెడతారా?"

ఆవిడ క్షణంలో ఎక్కించి, నవ్వుతూ చేతికిచ్చి, పెట్టె పిడి అందుకుంది. దారం ఎక్కించమని చుట్టాన్ని కూడా అడగొచ్చు మరి.

అమ్మడు చుట్టూ చూసింది. ఎదురుగా కిటికీకి, తను వచ్చినప్పటి నుంచీ నీళ్లు చూడని పరదాలు వేలాడుతున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుంది.

"పరదాలు మట్టిగొట్టుకుపోయాయి. నేను స్టూలెక్కలేను. వాటిని దించి ఉతకాలి. మీరే ఉతకాలి. ఈ రోజే!"

భర్త టీకప్పు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

అత్తగారు పెట్టె వదిలేసింది. కిటికీ దగ్గరికెళ్లి పరదా కొసని వేళ్ల మధ్య నలిపి, ఆ వేళ్లని వెలుగులో పెట్టి చూసుకుంది.

"ఇంత మురికిలోకా బిడ్డని తెచ్చేది?" అంటూ కోటు విప్పి కొడుకు మీదికి విసిరింది. "స్టూలు తే. టీ తర్వాత తాగుదువుగాని!"

స్టూలెక్కి ఆవిడ పరదా లాగితే, ఏళ్ల దుమ్ము అమ్మడి నెత్తిన రాలింది. అమ్మడు అలవాటు కొద్దీ, "జాగ్రత్త అత్తయ్యా, మీరు కూర్..." అని నాలిక కరుచుకుంది.

"చూస్తావేం? కొస పట్టుకో, నేల మీద పడనీకు!" పైనుంచి కసిరింది అత్తగారు.

ఏడో నెల కడుపుతో నిలబెట్టి పని చేయిస్తోంది! పుట్టింట్లో వింటే గుండెలు బాదుకుంటారు. అమ్మడు కొస పట్టుకుంది. కళ్లలోకి దుమ్ముతోపాటు నీళ్లూ వచ్చాయి.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి పెట్టె గుమ్మం దగ్గర లేదు. అత్తగారు సోఫాలో కాళ్లు బారజాపుకుని నిద్రపోతోంది. సింకు నిండా అంట్లు. అన్నం గిన్నె అడుగంటి నల్లగా మాడి ఉంది.

అమ్మడు పరుగున వెళ్లి ఫోన్ తెచ్చి, ఆ గిన్నెని కెమెరాకి దగ్గరగా పెట్టింది. "అమ్మా, చూశావా!"

"ఛీ, ఏమిటే ఆ మసి! అది చూపించడానికా ఫోన్ చేశావు?" అవతల అమ్మ నిర్ఘాంతపోయింది. "మతిగానీ పోయిందా నీకు?"