బీదర్ ఉత్తర్వుకు శంషాబాద్ ముద్ర

2023 ఆగస్టు. శంషాబాద్‌లో మందుల షాపు పైన ఉన్న నా ఆఫీసుకు రేణుక వచ్చింది. వకీలుగా నాకది ముప్పై నాలుగో ఏడు. ఆమె ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో గోదాములో ప్యాకింగ్ పని చేస్తూ, మామిడిపల్లిలో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. సొంతూరు బీదర్.

సంచిలోంచి ప్రొటెక్షన్ ఆర్డర్ తీసింది. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ ఇచ్చే రక్షణ ఉత్తర్వు అది. భర్త ఆమె మీద చెయ్యి చేసుకోకూడదు, ఆమె పనిచేసే చోటికి రాకూడదు అని బీదర్ కోర్టు రాసింది. అతనేమో వారంగా గోదాము గేటు దగ్గరే కాపు కాస్తున్నాడు. ముందురోజు చెయ్యి మెలితిప్పి ఫోను లాక్కున్నాడు.

"గేటు కాడ ఇంకోసారి లొల్లయితే పనికి రావొద్దని సూపర్‌వైజర్ సాఫ్ చెప్పిండమ్మా. పని పోతే నేను మళ్ల ఆడికే పోవాలె" అంది.

ఆడికే అంటే అతని ఇంటికే.

చట్టంలో సెక్షన్ 27 స్పష్టంగా ఉంది: ఈ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. సెక్షన్ 31 ప్రకారం దాన్ని మీరడం నేరం. వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. అరగంట పని అనుకుని ఠాణాకు వెళ్లాం. ఏ ఠాణానో రాయను.

"ఏందమ్మా ఇది, అంత కన్నడలున్నది? నాకు కన్నడ రాదు" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"వెనక తెలుగు అనువాదం జత చేశానండీ."

"అయినా గది కర్నాటక కోర్టు. గీడ ఎట్ల నడుస్తది? మన కోర్టుల ముద్ర ఏయించుకొని రాండ్రి."

సెక్షన్ చదివి వినిపించాను. ఆయన ఫ్యాను వేగం పెంచమని హోంగార్డుకు చెప్పాడు.

అక్కడి నుంచి కోర్టుకు వెళ్తే గుమాస్తా నవ్వాడు. "ముద్ర ఎందుకు మేడం? దేశమంత చెల్లుతది గద."

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి."

"అవసరం లేదని రాసిచ్చుడు మా దగ్గర లేదు మేడం."

మళ్లీ ఠాణా. రాసిస్తేనే చూస్తామన్నారు. మళ్లీ కోర్టు. ఆ మెట్లు నా మోకాళ్లకు బాగా గుర్తు. ఈలోగా రేణుక పనికి పోలేదు; ఇంకొక్క రోజు రాకపోతే పేరు కొట్టేస్తామని గోదాము నుంచి కబురొచ్చింది.

మూడోసారి ఠాణాకు వెళ్లేసరికి ఆమె భర్త కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కౌన్సెలింగ్ అని హెడ్ కానిస్టేబులే పిలిపించాడట!

"కూసోండ్రమ్మా. మొగడే గద, పరాయోడా? మాట్లాడుకుంటే అయిపోతది. మ్యారేజ్ సర్టిఫికెట్ గూడ తెచ్చిండు, నేను చూసిన."

బల్ల మీదున్న ఆ సర్టిఫికెట్ అందుకున్నాను. అంతా కన్నడ. కింద బీదర్ ముద్ర.

"దీని మీద మన కోర్టు ముద్ర ఏదండీ?"

"అది పెండ్లి కాగితమమ్మా. దానికి ముద్ర ఎందుకు?"

"మీకు కన్నడ రాదన్నారు. ఎలా చదివారు?"

ఆయన చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. గోడ దగ్గర నిలబడ్డ రేణుక అప్పుడు నోరు విప్పింది. "పెండ్లి ఏడ జేసినా ఈడ నడుస్తది. నన్ను కొట్టొద్దని రాసింది మాత్రం బీదర్ దాటదా సార్?"

"ఏయ్!" అంటూ భర్త ఆమె మీదికి లేచాడు. ఆ అరుపుకు ఎస్సై లోపలి గదిలోంచి వచ్చాడు. నేను అందించిన ఉత్తర్వు అనువాదం నిలబడే చదివాడు.

"గోదాము కాడికి పోయినవా?" అని అతన్ని అడిగాడు.

"నా పెండ్లాం సార్. పోతే ఏమైతది?"

"రాసుకో" అన్నాడు ఎస్సై, హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగి.

ఆమె భర్త ఆ రాత్రి ఠాణాలో ఉన్నాడు. రేణుక డ్యూటీకి పోయింది.

చట్టం తెలిసినంత మాత్రాన పని కాదని నాకు ఆ మూడు రాకపోకల్లో తెలిసింది. ఇప్పుడు పక్క రాష్ట్రం ఉత్తర్వుతో ఎవరొచ్చినా పెళ్లి సర్టిఫికెట్ కూడా తెమ్మంటాను. ఠాణాలో ముందు దాన్నే బల్ల మీద పెట్టి, ఇక్కడ చెల్లుతుందా అని అడుగుతాను. చెల్లదని ఇంతవరకు ఎవరూ అనలేదు. చెల్లుతుందన్న మాట వాళ్ల నోట వచ్చాకే రెండో కాగితం తీస్తాను.