పద్నాలుగో గొట్టం

బస్సు ఆగి ఇరవై నిమిషాలైంది. ఇంజను ఆవిర్లు కక్కుతుంటే డ్రైవరు నడుం మీద చేతులు పెట్టుకుని దానివంక అలిగిన అల్లుడిలా చూస్తున్నాడు. కండక్టరు నీళ్ళ కోసం డబ్బా పట్టుకుని పోయాడు. జనమంతా దిగి రోడ్డు పక్క నీడ వెతుక్కున్నారు. దిగనివాడు ఒక్కడే, ఐసు బాబాయి. ఒళ్ళో నీలం పెట్టె, పెట్టె మీద రెండు చేతులు.

బస్సులో మనుషుల్ని ఒళ్ళో ఉన్న వస్తువును బట్టి పోల్చుకోవచ్చు. ఫైలు పట్టుకున్నవాడు కిటికీలోంచి దిగులుగా చూస్తాడు, కోడిపిల్లల బుట్ట ఉన్నవాడు అందరితో మాట కలుపుతాడు, కొత్త చెప్పుల పెట్టె ఉన్నవాడు మాటిమాటికీ మూత తీస్తాడు. నీలం పెట్టె ఉన్న బాబాయి మాత్రం మూత వైపు చూస్తాడు గాని తీయడు. మూతకున్న, లోపలి చల్లదనం చూపే చిన్న గడియారం లాంటి దానిలో ముల్లు ఎనిమిది దాటకూడదు. ఇప్పుడు అయిదు దగ్గరుంది.

ఎండకు తాళలేక ఒకావిడ తిరిగి బస్సెక్కి పక్క సీట్లో కూలబడింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తీయడం మరిచినట్టుంది.

"ఆ పెట్టె కింద పెట్టుకోండి బాబాయ్, మోకాళ్ళు పడిపోతాయి."

"కింద ఇంజను వేడమ్మా. నా మోకాళ్ళు ఎప్పుడో పడిపోయాయి. దీనికేం కాకూడదు."

"ఏముంది, ఐసుక్రీమా?"

"ఐసుక్రీము ముప్పై ఏళ్ళు అమ్మాను. ఇది నెత్తురు."

ఆవిడ జానెడు పక్కకు జరిగింది. ఈ జరగడం చూడ్డమంటే బాబాయికి ఆరేళ్ళుగా సరదా. తాపీగా నవ్వి కథ అందుకున్నాడు. వాళ్ళ చిన్న ఊరి ఆసుపత్రిలో జ్వరం తగ్గినవాళ్ళ దగ్గర, ఒప్పుకుంటేనే, మరోసారి నెత్తురు తీస్తారు. జబ్బు వివరాలతో సహా అది పెద్ద ఊరి పరిశోధన ల్యాబుకి చేరాలి. అదే జ్వరం ఒకణ్ణి పదిరోజులు మంచాన పడేసి, ఇంకొకణ్ణి రెండు తుమ్ములతో ఎందుకు వదిలేస్తుందో అక్కడ చూస్తారు. తెలిసింది నాలుగూళ్ళ ల్యాబులతో పంచుకుంటారు. వారానికి మూడుసార్లు మోసేది బాబాయే.

అసలు ఈ పని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. మొదట్లో ఐసు గడ్డలు ఫ్రీజర్లోంచి తీసినవి తీసినట్టే పెట్టెలో సర్ది పంపేవారట. నెత్తురు గడ్డకట్టి పనికిరాకుండా పోయేది. ఆసుపత్రి గేటు దగ్గర బండి పెట్టుకున్న బాబాయి ఓ రోజు చూడలేక, "ముందు గడ్డకి చెమట పట్టనివ్వండి సార్, తర్వాత పెట్టండి" అన్నాడు. పట్టనిచ్చారు. నెత్తురు బతికింది. ఆ వారమే బండి అమ్మేశాడు. మనవణ్ణి ఎత్తుకోమంటే చేతులు నొప్పంటాడు గాని ఆ పెట్టెను నాలుగు గంటలు మోస్తాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

"మరి ఎవరి నెత్తురో అందరికీ తెలిసిపోదూ?" అంది ఆవిడ.

"పేర్లుండవమ్మా, అంకెలే. ఓసారి నాకే జ్వరమొస్తే ఇచ్చాను. నా నెత్తురు నేనే ఒళ్ళో పెట్టుకుని మోశాను. అందులో నాది ఏదో నాకే తెలిస్తే ఒట్టు!"

ఆవిడ నవ్వింది. బాబాయికి హుషారొచ్చింది. మూత మీది ప్లాస్టిక్ సంచిలో నెత్తురు గొట్టాల జాబితా ఉంటుంది. లెక్క సరిచూసుకోవడం ఆయన పని. పైగా ఐసుక్రీము చుట్టిన కాగితాన్ని కూడా చదవకుండా వదలని మనిషి. ఈ నెల నుంచి వచ్చిన కొత్త కాగితంలో వివరాలు ఎక్కువ, అది ఆయనకు మరీ ఇష్టం.

"టేపు చూస్తే దర్జీవి. నీళ్ళ ట్యాంకు సందు వైపా? ముప్పై ఎనిమిదేళ్ళుంటాయా?"

"ఊ. మీకెలా…"

"అయితే పద్నాలుగో గొట్టం నువ్వే!"

అన్నాక గాని ఏమన్నాడో తెలియలేదు. ఆవిడ మొహంలో నవ్వు టక్కున ఆగిపోయింది.

"నిన్న పొద్దున్నే ఇచ్చాను," అంది మెల్లగా. "పేరుండదని నర్సమ్మ అంటే సంతకం పెట్టాను. జ్వరమొచ్చిన పదిరోజులూ అక్క ఇంటికెళ్ళానని చెప్పాను అందరికీ. బడి తెరిచేలోగా రెండొందల యూనిఫారాలు కుట్టాలి. ఆ జ్వరం వచ్చిన మనిషి కుట్టిందని తెలిస్తే పిల్లలకి తొడుగుతారా? నా గొట్టం నాకిచ్చేయండి."

"తెరిస్తే మిగతా ఇరవై రెండూ పాడవుతాయి తల్లీ."

"పేరు లేదంటిరే!"

"లేదుగా…"

"పేరెందుకు? నా దుకాణంలో కొలతల చీటీల మీద నేనూ పేర్లు రాయను. నడుం నలభై నాలుగు, ఎడమ భుజం అంగుళం కిందకి అంటే మా ఊళ్ళో ఒక్క పోస్టుమాస్టరే. మా సందులో ఆడ దర్జీ ఎందరున్నారనుకున్నారు?"

ఆరేళ్ళుగా బస్సుబస్సుకీ చెప్పుకున్న గొప్ప చేతిలోని ఐసుముక్కలా కరిగిపోయింది. కండక్టరు నీళ్ళు తెచ్చాడు, బస్సు కదిలింది. మిగిలిన దారంతా ఆయన పెట్టె వంకే చూస్తూ కూర్చున్నాడు. దిగేముందు ఒక్క మాట అన్నాడు. "నాతో రామ్మా. ల్యాబులో అడుగుదాం. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని నువ్వు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది."

ల్యాబు కిటికీ దగ్గర గుమస్తా ముల్లు చూశాడు, ఆరు. గొట్టాలు లెక్కపెట్టుకున్నాడు. బాబాయి కదల్లేదు, ఆయన వెనకే వచ్చిన దర్జీ ఆవిడా కదల్లేదు.

"ఇంకేంటి బాబాయ్, బస్సు పోతుంది."

"పోనీ. ఈ కాగితంలో వృత్తి, సందు పేరు ఎందుకు?"

"జ్వరం ఎవరికి, ఎక్కడ వస్తోందో తెలియొద్దూ? ఇన్నేళ్ళూ లేని అనుమానం ఇవాళేంటి?"

"ఇవాళ నా నోటితోనే మనిషిని పట్టేశాను కాబట్టి. మోసేవాడికే తెలిసిపోతే చదివేవాడికి తెలియదా? డాక్టరమ్మని పిలువు."

డాక్టరమ్మ వచ్చింది. దర్జీ ఆవిడ అక్కడే ఉన్న జాబితా అందుకుని, బాగులేని కుట్టు చూపించినట్టు వేలు పెట్టి చూపించింది. "ఇది నా ఒంటికి అతుక్కుపోయేలా కుట్టారమ్మా. వదులు చేయండి. వయసు ముప్పై అయిదు నుంచి నలభై అయిదు లోపు అనండి. కూర్చుని చేసే పని అనండి. సందు కాదు, ఊళ్ళో తూర్పు వైపు అనండి. మీకు కావాల్సింది తెలుస్తుంది, నేను కనబడను."

డాక్టరమ్మ రెండుసార్లు చదివి తల పట్టుకుంది. "ఇది మాకు తట్టలేదు చూడండి! ఈ నెల జాబితాలన్నీ మార్పించేస్తాను. మీ గొట్టం తీసేయమన్నా తీసేస్తాం, వివరాలతో సహా."

దర్జీ ఆవిడ జాబితా వైపు మళ్ళీ వేలు చూపించింది.

"ముందు మార్చింది నా కళ్ళకి చూపించండి."

గుమస్తా గొణుక్కుంటూనే వివరాలు మార్చి, కాగితం అచ్చు తీసి ఇచ్చాడు. ఆవిడ చదివి, మెడలోంచి టేపు తీసి సంచిలో వేసుకుంది. "ఉండనివ్వండి. ఆ జ్వరంతో పడ్డ అవస్థ ఎవరికన్నా పనికొస్తే మంచిదే."

"ఇక నుంచి జాబితా అట్టకవరులో పెట్టి అంటిస్తాం," అంది డాక్టరమ్మ బాబాయితో. "మీరు గొట్టాలు లెక్కపెట్టండి చాలు."

"చదవడానికి టికెట్టు వెనక రాసింది ఉందిలెండి," అన్నాడు బాబాయి. ఖాళీ పెట్టె చంకన పెట్టుకున్నాడు.

సాయంత్రం బస్టాండులో దర్జీ ఆవిడ దారపుండల మూటతో నిలబడింది. పక్కనే వాళ్ళ సందులో మనిషి, ఇద్దరు బడిపిల్లల తల్లి, "ఇంత దూరం ఎందుకొచ్చావే?" అని ఆరా తీస్తోంది.

"దారాలకి వదినా. మీ పిల్లల యూనిఫారాలకే."

అంతలో నీలం పెట్టెతో బాబాయి ఎదురొచ్చాడు. ఆవిడకు తెలియకుండానే నవ్వొచ్చింది, చెయ్యి కూడా సగం లేచింది. బాబాయి ఆవిడ మొహంలోకి ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"జరగమ్మా, దారి," అన్నాడు.

"ఎవరే ఆ ముసలాయన, అంత విసురు?" అంది వదిన.

"ఎవరో," అంది ఆవిడ నవ్వు ఆపుకుంటూ.

బాబాయి వెనక్కి తిరగలేదు. వెళ్ళొస్తానన్న మాటైనా లేకుండా, పెట్టె ఊపుకుంటూ, గుంపులోకి నడిచిపోయాడు.