ఎవరి ఖర్మ, ఎవరి గిన్నె

మా అత్తమ్మ పొద్దున్నే చీమల పుట్టకు చక్కెర చల్లనిదే చాయ్ ముట్టేది కాదు. అంత దయగల మనిషి ఆ పసిగుడ్డు విషయంలో మాత్రం బండరాయిలా కూర్చుంది.

హనుమకొండ బజారులో మాది కిరాణా దుకాణం. ఇంటి వెనక రెండు గదులు కిరాయికి ఇచ్చాం. అందులో ఉండే ఆయనకు కాజీపేట రైల్వేలో పని. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో సరిగా గుర్తులేదు, ఆయన భార్యకు తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. గ్రహణం మొర్రి. పై పెదవి చీలి, ఆ చీలిక అంగిలి దాకా పోయింది. చన్ను నోట పెడితే పట్టు దొరకదు. లోపలికి పోయిన రెండు చుక్కలు కూడా ముక్కులోంచి వచ్చేవి.

చూడవచ్చిన అమ్మలక్కలంతా, గ్రహణం నాడు కత్తిపీట ముట్టావా అని తల్లినే నిలదీశారు. మా అత్తమ్మ ఏకంగా ఇంకో జన్మ వెనక్కి పోయింది.

"పోయిన జన్మల ఎవరి నోటికాడి కూడు గుంజుకున్నదో! చేసుకున్నోళ్లకు చేసుకున్నంత. నువ్వు నడుమల పోకు బిడ్డా, ఆ పాపం మనకు సుట్టుకుంటది."

తల్లి కూడా అదే నమ్మింది. "నా ఖర్మ అక్కా," అని గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల ఏడుపు రోజురోజుకూ సన్నబడుతోంది. నాకు ఒళ్లు మండింది. తీర్పు చెప్పడానికి వాడకట్టంతా వచ్చింది, పాలు పట్టడానికి ఒక్కరు లేరు. తల్లినీ పిల్లనూ రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను.

"పండబెట్టి తాపకుండ్రి, నిటారుగ పట్టుకొని కొంచెం కొంచెం పొయ్యుండ్రి. జర బలం పట్టినంక ఆపరేషన్ చేస్తరు, మూతి మంచిగైతది," అంది నర్సమ్మ.

ఇంటికొచ్చి, దేవుడి అర్రలోంచి వెండి ఉగ్గుగిన్నె తీశాను. అత్తమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"నా కొడుకు తాగిన గిన్నె అది! దాని ఖర్మ తెచ్చి మనింట్ల పెడ్తవా?"

"పెదవి పలుగుడు దాని పాపమైతే, మన ఇంటెనుక పుట్టుడు దాని పుణ్యం కాదా అత్తమ్మా? వెండి గిన్నె ఉన్న ఇల్లు సూస్కోని పుట్టింది. దాని పుణ్యానికి మీరు అడ్డమొస్తే, ఆ పాపం ఎవరికి సుట్టుకుంటది?"

అత్తమ్మ మెల్లగా గడప వదిలింది.

ఆ మాట నేను నమ్మి అన్నది కాదు. ముల్లును ముల్లుతోనే తీయాలి. జన్మజన్మల పాపపుణ్యాలను ఎవరు తూస్తారో నాకు తెలియదు, మా దుకాణంలో కందిపప్పు తూకమే సరిగా ఉండేది కాదు! నాకు తెలిసిందల్లా పిల్లకు ఆకలిగా ఉందని. ఒళ్లో నిటారుగా పట్టుకుని పాలు చుక్క చుక్కగా పోశాను. మింగింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి తల్లి ఇటు తిరిగింది. "ఇటియ్యి అక్కా, నేను తాపుత," అని చేతులు చాచింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

పిల్ల బతికింది, ఒళ్లు చేసింది. ఒకటి తరవాత ఒకటిగా రెండు ఆపరేషన్లూ అయ్యాయి. పెదవి మీద సన్నటి గీత మాత్రం మిగిలింది. దానికి మూడేళ్లు నిండిన ఏడు, శివరాత్రి జాతర నుంచి మా అత్తమ్మ ఓ బూర కొనుక్కొచ్చి దాని చేతిలో పెట్టింది. గాలి పక్కకు పోకుండా రెండు పెదవులూ బిగించి ఊదింది పిల్ల. దుకాణంలో బేరమాడేవాళ్లు చెవులు మూసుకున్నారు.

"ఇంక గట్టిగ ఊదు బిడ్డా," అంది అత్తమ్మ.