చివరి రైతు తూకం

అలా గడపలో నిలబడకండి, నా పక్కన కూర్చుని వినండి. చిలకలూరిపేటలో మా పై వాటాలో పత్తి మిల్లు కంప్యూటరాయన అద్దెకుండేవాడు. ఏం చెప్పినా చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పుతూ చెప్పేవాడు.

మిల్లులో పాత ప్రోగ్రాములన్నీ ఆయన రాసినవే. వాటిని కొత్త పద్ధతిలోకి తిరగరాసే పనీ ఆయనకే పెట్టారు. అది పూర్తయితే ఇక ఆయనతో పని లేదని మా వీధికంతా తెలుసు.

ఒకరోజు మా ఇంట్లో భోజనం చేస్తూ ఎడమచేతి వేలు తిప్పాడు.

"పాత ప్రోగ్రాములో కంప్యూటరే తనంతట తాను తిరుగుతూ ఒక్కో రైతు తూకం చదువుకునేదక్కా. అన్నీ అయిపోగానే చివరి రైతు తూకం మొత్తం కూడా మనం చెప్పకుండానే వేసేది. కొత్తదాంట్లో అది విడిగా రాయాలి. రాయకపోతే ఆ చివరివాడి పత్తి లెక్కలోకే రాదు. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు."

"అయితే రాయకు తమ్ముడూ. తప్పొస్తే వాళ్లే నీ కోసం పరిగెత్తుకొస్తారు."

"ఆ రైతేం చేశాడక్కా పాపం?"

రాసేశాడు. నెల తిరక్కుండానే మిల్లువాళ్లు మానిపించేశారు.

సొంతూరు కనిగిరి వెళ్లిపోయేరోజు ట్రంకుపెట్టె ఆటోలో పెట్టుకుని, "తూకాలన్నీ సరిగ్గా పడుతున్నాయంటక్కా" అన్నాడు. సంతోషంగానే అన్నాడు. నేనే ఆ మొహం చూడలేక లోపలికొచ్చేశాను.

మీ ఇంట్లోవాళ్లు మనసుపెట్టి చేసిన పని ఏనాడూ వాళ్ల కంచంలో కూడు తీయకుండా ఉండాలి. చల్లగా ఉండండి.