పళ్లెంలో పెట్టిన తాళంచెవి

రాఖీ పున్నమి నాడు అన్న చేతికి రాఖీ కట్టి, నోట్లో ఇంత మిఠాయి పెట్టి, హారతి పళ్లెం ముందుకు జరిపాను. ప్రతి ఏడూ అందులో చీరో, నోటో పడుతుంది. ఆ ఏడు మా అన్న జేబులోంచి కారు తాళంచెవి తీసి పెట్టాడు. రింగు లేదు, బొమ్మ లేదు. ఎర్రదారం ముడేసిన ఒట్టి తాళంచెవి.

"ఇగ బండి నీదే చెల్లె. బస్సుల కోసం రోడ్డు మీద నిలవడుడు బంద్ చెయ్యి" అన్నాడు.

నేను బోరున ఏడ్చేశాను. అన్న నస్పూర్‌లో ఉంటాడు, బొగ్గుబాయిలో ఉద్యోగం. నేను కరీంనగర్‌లో కాపురముండి చొప్పదండి దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతాను. పొద్దున బస్సులో నా అవస్థ ఏమిటో అన్నకు ఫోన్‌లో చెప్పుకోని రోజు లేదు. విని ఊరుకుంటాడనుకున్నాను గానీ ఇంత మనసులో పెట్టుకున్నాడని అనుకోలేదు. తాను కొత్త కారు తీసుకుని, పాతదాన్ని ఎవరికో అమ్ముకోకుండా నా పళ్లెంలో పెట్టాడు. అవ్వ మా ఇద్దరికీ కలిపి దిష్టి తీసి, వచ్చిన చుట్టాలందరూ వినేటట్టు "తోడవుట్టినోడంటే గిట్లుండాలె" అంది. వదిన మాత్రం వంటింటి గడప దాటి రాలేదు. ఏ వదిన వస్తుంది, ఆడబిడ్డకు కారు పోతుంటే? లోపల్లోపల నాకు కొంచెం సంబరంగా కూడా ఉండింది. దాచుకోవడమెందుకు!

బయలుదేరే ముందు అన్న నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి మర్మం నేర్పాడు. తాళంచెవిని మొత్తం తిప్పొద్దు. తిప్పి, బండి అందుకోగానే జరంత వెనక్కి తెచ్చి, ఒక్క క్షణం అట్లాగే పట్టుకుని వదలాలి.

"దీనికి నఖ్రాలు ఎక్కువ. నా చెయ్యి అలవాటైంది, నీ చెయ్యి గూడ అలవాటైతది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మా ఇంటాయనకు బట్టల దుకాణం ఉంది. ఏ బట్ట తాను తెచ్చినా నలిపి, వెలుతురులో పెట్టి చూడనిదే లోపల పెట్టడు. కారును కూడా చుట్టూ తిరిగి చూశాడు.

"పాత బండి. ఒక్కపారి మెకానిక్‌కు చూపెడుదాం."

అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మా దిక్కు పుట్టింటి నుంచి వచ్చినదాన్ని ఎంచరు. బియ్యం బస్తాలో నూకలున్నా, పెట్టిన చీర మొదటి ఉతుకుకే వెలిసినా ఆడబిడ్డ అత్తగారింట్లో నోరు విప్పదు. నూకలు చాటుగా చెరుగుకుంటుంది, చీరను పెట్టె అడుగున పెట్టేస్తుంది. పుట్టింటి సొమ్మును పరీక్షకు పెట్టడమంటే పుట్టింటివాళ్లను పదిమందిలో నిలబెట్టినట్టే.

"మా అన్న ఇచ్చినదాన్ని తీస్కపోయి ఎవనికో చూపెడుతవా? మా అన్న తన చెల్లెకు కుంటి బండి ఇస్తడా? తెలిస్తే ఇస్తడా?" అని గయ్యిమని లేచాను. ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. "మీ చెల్లెకు నువ్వేం పెట్టినవో చెప్పు" దాకా పోయింది. పాపం, ఆయన చేతులు జోడించి బయటికి వెళ్లిపోయాడు. మెకానిక్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక నా దర్జా ఏం చెప్పను! బడిలో ఎవరు అడిగినా, అడగకున్నా "మా అన్న పెట్టిండు" అనేదాన్ని. నా బిడ్డ నా బడిలోనే ఏడో తరగతి. ముందు సీట్లో కూర్చుని, నేను తాళంచెవి తిప్పి వెనక్కి తెచ్చే తీరును తోటి పిల్లలకు అభినయం చేసి చూపేది. కొన్నిసార్లు బండి అందుకునేది కాదు. నా చెయ్యి ఇంకా అలవాటు కాలేదని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఒకరోజు హెడ్మాస్టరు సెలవు పెడుతూ బడి తాళాల గుత్తి నా చేతిలో పెట్టాడు. బీరువాలవీ గదులవీ అన్నీ కలిసి ఇంత బరువు. ఎక్కడన్నా పారేసుకుంటానని భయపడి దాన్ని కారు తాళంచెవి దారానికే ముడేసి, బిడ్డను ఎక్కించుకుని సాయంత్రం ఇంటికి బయలుదేరాను.

ఊరు దాటాక రోడ్డు మీద గుంతలు. బండి ఎగిరినప్పుడల్లా గుత్తి గలగలమంటోంది. ఒక మూల మలుపులో పెద్ద గుంతలో పడి లేచాం. టక్కుమని ఇంజను బంద్. ముందున్న లైట్లన్నీ పోయాయి. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. తిప్పుదామంటే తిరగదు. ఎదురుగా గ్రానైటు బండలు వేసుకుని లారీ వస్తోంది. మలుపు తిరగాల్సిన బండి తిన్నగా లారీ దిక్కే పోతోంది. బ్రేకు తొక్కితే అదీ గట్టిపడింది. సీట్లోంచి లేచి నిలబడినంత పని చేసి తొక్కాను. బిడ్డ "అమ్మా" అని అరిచింది. లారీవాడు పుణ్యాత్ముడు, హారను కొడుతూనే మట్టిలోకి దించాడు. మేం రోడ్డుకు అడ్డంగా ఆగిపోయాం. లారీ మా పక్కనుంచి వెళ్తుంటే దాని దుమ్ము కిటికీలోంచి మా ఒళ్లో పడింది.

బిడ్డ నా కొంగు పట్టుకుని వదల్లేదు. తర్వాత ఎవరో వచ్చి బండిని పక్కకు తోశారు. మా ఇంటాయన ఫోన్ చేసి మెకానిక్‌ను పంపాడు, ఆటోలో తాను వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో, నేనూ ఒకటి అనేదాన్ని.

మరునాడు బడికి సెలవు పెట్టి నేనే మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. ఆ భాయ్‌ది కరీంనగరే, మా ఇంటాయన దుకాణంలోనే ఏటా రంజానుకు బట్టలు తీసుకుంటాడు. అప్పటికే బ్యాటరీ వైరు ఊడదీసి, స్టీరింగు కింది డొప్ప విప్పి, తాళంచెవి తిరిగే స్విచ్చును బయటికి తీసి పెట్టాడు.

"చూడుండ్రి మేడం. గీ లోపలి ఇత్తడి పత్తీలు, రేకులు, మొత్తం అరిగినయి. గీ ప్లాస్టిక్ కరిగింది. తాళంచెవి ఆన్ మీద నిలవడుడే లేదు. జర బరువు తగిలితె సాలు, ఆఫ్ దిక్కు జారుతది. ఇంజన్ బంద్, స్టీరింగ్ బిగుసుకుంటది."

"పాతదైంది గద భాయ్, అరుగుతది" అన్నాను. నాకు తెలియకుండానే అన్న తరఫున మాట్లాడుతున్నాను.

"అరుగుతది మేడం, నేను కాదంటలేను. గని ఇది ఇదివరకే ఎవరో విప్పిండ్రు." కరిగిన చోట చుట్టిన నల్లటేపు గోటితో గీకి చూపాడు. "విప్పినోడు చూస్తడు గద? చూసినోడు చెప్తడు గద, మార్చమని? అందుకే తాళంచెవికి రింగు గూడ పెట్టలే. ఒట్టిదే పెట్టుకోమని చెప్పి ఉంటడు."

టేపు ఇంకెవరో చుట్టి ఉంటారు, అన్నకు చెప్పకుండానే చుట్టి ఇచ్చేసి ఉంటారు. ఆ మాట అన్న నోటితో వింటే చాలు, నా ప్రాణం కుదుటపడుతుంది. కొత్త స్విచ్చు బిగిస్తున్న భాయ్‌ను అక్కడే వదిలి, షెడ్డు బయటికి వచ్చి ఫోన్ చేశాను.

"అన్నా, నిన్న బండి నడిరోడ్డు మీద బంద్ పడ్డది. నేను, బిడ్డ లోపల్నే ఉన్నం. లారీ ఎదురొచ్చింది."

అన్న అడిగాడు.

"తాళంచెవికి ఏమన్న తగిలిచ్చినవా?"

స్విచ్చు అని నేను అనలేదు. తాళంచెవి అని అనలేదు.

"నీకు తెలుసా అన్నా?"

"స్విచ్చేనాయె. నాకు పని ఒత్తిడిల మార్చుడు కాలే. నువ్వెట్లైన మెకానిక్‌కు చూపిచ్చుకుంటవనుకున్న. గంత సదువుకున్నదానివి, పాత బండిని చూపియ్యకుండనే నడుపుతవా?"

చూపించకుండా ఇంట్లో కొట్లాడింది ఎవరి పరువు కోసమో చెబుదామని నోరు తెరిచాను. అంతలోనే ఫోన్ వదిన గుంజుకుంది.

"నేను ఆనాడే మొత్తుకున్న వదినా. మన పోరగాండ్లనే ఏడాది సంది ఆ బండి ఎక్కిస్తలేం, ఆమెకెట్ల ఇస్తవ్, ఆమె బిడ్డ ఎక్కదా అని అడిగిన. నా మాట ఇంటడా? పళ్లెంల పెడుతుంటె చూడబుద్ధి గాక ఇవుతలికి రాలే నేను."

ఏడాది. తన పిల్లలను ఏడాదిగా ఎక్కించలేదు. నా బిడ్డను ముందు సీట్లో కూర్చోబెట్టి, టాటా చెప్పి పంపించాడు. నా తోడబుట్టినవాడు చేశాడీ పని. ఫోన్ పెట్టేశాను. షెడ్డు గోడకు ఆనుకుని, వచ్చేపోయే వాళ్లు చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను. లారీ ముందు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

భాయ్ బండి స్టార్టు చేసి చూపాడు. తాళంచెవి తిప్పగానే అందుకుంది, వెనక్కి తెచ్చి పట్టుకునే పని లేదు. "ఇగ ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. నడుపుకుంటూ ఇంటికి వచ్చేశాను.

మా ఇంటాయన దుకాణం నుంచి అన్నానికి వచ్చి, బండిని వాకిట్లో ఒకసారి స్టార్టు చేసి చూసుకుని లోపలికి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను. ఇప్పుడు అంటాడు, ఆ రోజు చూపెడదామన్నానా లేదా అని అంటాడు అని కాచుకుని ఉన్నాను.

"పాపం, మీ అన్నకు తెలిసుండది. తెలిస్తే ఇస్తడా?" అన్నాడు.

నా మాటే. ఎకసెక్కానికి కాదు, మంచి మనసుతోనే అన్నాడు. నేను పప్పు వేస్తూ తలవంచుకునే "తెలిస్తే ఎందుకిస్తడు" అన్నాను.

"ఫోన్ చేసి చెప్పినవా?"

"చెప్పిన."

"బిడ్డెట్లున్నదని అడిగిండా?"

బిడ్డ పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంటోంది. మామ మాట వినగానే తలెత్తి నా మొహంలోకి చూసింది.

"అన్నిటికన్నా ముందు అదే అడిగిండు" అన్నాను.