ఆ ఇంట్లో అనకూడని మాట

ఓడలెక్కి పనికి పోయేవాళ్ళ మోటారు సైకిళ్ళను రేవు వెనకాల పాత గోదాములో భద్రంగా ఉంచడం అతని పని. గొర్రెలకు కాపరి ఉన్నట్టు బళ్ళకు ఇతను. అందుకే అందరూ బళ్ళకాపరి అనేవారు. ఓడ మీదికి పోయినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో పంపిన కంపెనీకే సరిగ్గా తెలియదు. అన్నాళ్ళూ బండి గుడ్డ కప్పుకొని కదలకుండా నిలబడాలి. వచ్చిన రోజున మాత్రం ఒక్క కిక్కుకే స్టార్టవ్వాలి. అవ్వకపోతే తప్పు సముద్రానిది కాదు, కాపరిదే.

పెట్రోలులో ఇథనాల్ కలపడం మొదలైనప్పటి నుంచి అతనికి తిప్పలు మొదలయ్యాయి. ఇథనాల్ అంటే మరేం కాదు, సారా. గాలిలో తేమ కనబడితే చాలు, చుట్టాన్ని చూసినట్టు లోపలికి పిలుస్తుంది. బండి నెలల తరబడి నిలబడితే నీళ్ళూ తనూ ఒకటై ట్యాంకు అడుగున కాపురం పెడుతుంది. ఆపైన ఇనుముకు తుప్పు, కార్బురేటర్‌లో జిగురు. కార్బురేటర్‌ను కాపరి బండి గొంతు అంటాడు. కలపమని నిర్ణయించినవాళ్ళ బళ్ళు ఏనాడూ మూలపడి ఉండవు గనక వాళ్ళ గొంతులకు ఏ జిగురూ పట్టదు.

విడిభాగాల కొట్టువాడు దీనికి విరుగుడు చూపించాడు, పెట్రోలు చెడిపోకుండా అందులో కలిపేది. సీసా మీద స్టెబిలైజర్ అని రాసుంది. నోరు తిరగని ఆ పేరు ఎవరిక్కావాలి? కొట్టువాడు మందు అన్నాడు, ఓడవాళ్ళు మందు అన్నారు, కాపరీ మందే అన్నాడు. అదీ గోదాములోనే. ఇంట్లో ఆ మాట అతని నోట రాలేదు.

ఎందుకంటే అతను ఒకప్పుడు ఒళ్ళు తెలియకుండా తాగేవాడు. భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. సాయంత్రం పూట కుట్టుమిషను చప్పుడు ఆగిందంటే, అతని అడుగులు తిన్నగా పడుతున్నాయో లేదో ఆమె వింటున్నదని అర్థం. చివరికి ఒకరోజు ఆమె అరవలేదు, ఏడవలేదు. ఇంకోసారి మందు ముట్టావని తెలిస్తే పిల్లను తీసుకుని అన్నయ్య ఇంటికి పోతానని, పిలవడానికి రావద్దని చెప్పింది. అతను మానేశాడు. ఒకరోజు మానేస్తే సరిపోలేదు, రోజూ మానవలసి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో మందు అన్న మాటే మాయమైంది. జ్వరమొస్తే మాత్ర, దగ్గొస్తే సిరప్పు, చీమలకు చల్లేది పొడి.

గోదాములో సీసాలున్న సంగతి అందుకే చెప్పలేదు. చిన్న విషయాలు దాచడం అలవాటైన మనిషికి అది దాచడంలా కూడా తోచదు.

ఒక మధ్యాహ్నం ఓడలో వంట చేసే కుర్రాడు బండి అప్పగించడానికి వచ్చాడు. అదే వేళకు భార్య ఫోను చేసి, వస్తూ వస్తూ దారపు ఉండలు తెమ్మంది. కాపరి సరేనని ఫోను జేబులో పడేసుకున్నాడు. కట్ చేశాననే అనుకున్నాడు. ఆ జేబులోంచి ఆమెకు వినిపించింది ఇది.

"ముందు నిండా పొయ్యాలి తమ్ముడూ. మందు వేసేది తాజాదాంట్లోనే. చెడిపోయాక ఎంత వేసినా దండగ."

"ఎంత వెయ్యాలన్నా?"

"నాకు చేతి లెక్కే. రోజూ చేసే పనేగా. వేశాక కాసేపు ఆడనివ్వాలి, గొంతులోకి దిగాలి. పైపైన ఉంటే లాభం లేదు."

"నీ దగ్గర ఇంత సరుకుందని వదినకు తెలుసా?" వంటవాడు వేళాకోళమాడాడు.

"ఆమె దగ్గర ఆ మాటెత్తావంటే నా కాపురం కూలుతుంది" అని కాపరి నవ్వాడు.

అదే రోజు అతను ఇంకో బండి ట్యాంకు ఖాళీ చేశాడు. మందు అక్కర్లేదని బడాయి పోయి ఓడెక్కినవాడి బండి అది. అడుగున చేరిన సారానీళ్ళు చొక్కా మీద ఒలికాయి. కడుక్కున్నా పూర్తిగా పోలేదు.

ఇంటికి వచ్చేసరికి కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. గుమ్మం పక్కన సంచీ ఉంది. పెట్రోలు వాసన ఆమెకు కొత్త కాదు. దాని కిందున్న పులిసిన వాసనా కొత్త కాదు. అన్నయ్య పొద్దున వస్తాడని మాత్రం చెప్పింది.

అతను చెప్పుకున్నాడు. అది బండికి వేసే మందు అన్నాడు. తాగలేదన్నాడు. చొక్కా మీద ఒలికిందన్నాడు. నిజం చెప్పడానికి అతని దగ్గర మిగిలినవి ఒకప్పుడు అబద్ధాలాడి అరగదీసిన మాటలే.

"అప్పుడేమో దగ్గుమందన్నావు. ఇప్పుడు బండిమందంటున్నావా?" అందామె.

పొద్దున్నే అతను పనిలోకి పోయాడు. అన్నయ్య వచ్చేలోగా ఆమె ఒక్కతే గోదాముకు వచ్చింది. అటక మీది సీసాలు చూసింది. ఒకదాని మూత తీసి వాసన చూసింది. కిరసనాయిలు లాంటి వాసన. మూత పెట్టేసి వంటవాడి బండి మీద కూర్చుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఆ మాట వింటే నీ మొహం మారిపోతుంది. ఆ మొహం చూడలేను."

"సీసాలో ఏముందో తెలిసింది. నీలో ఏముందో మూత తీస్తే తెలియదుగా."

"తెలియదు."

"అయితే నా ఎదురుగా అను ఆ మాట."

మందు అన్నాడతను. ఆమె మొహం అతను భయపడినట్టే మారింది. పెదవులు బిగిశాయి, చూపు గుమ్మం వైపు పోయింది. ఇదివరకైతే తల దించుకునేవాడు, లేదా ఏదో జోకు వేసి తప్పించుకునేవాడు. ఈసారి చూస్తూ నిలబడ్డాడు.

"ఇది బండి మందు. నేను మానేసింది వేరే. కానీ చెడిపోయిన ట్యాంకు దించినప్పుడు అడుగున ఉండేది సారాయే. ఒక్కోరోజు ఆ వాసనకు నాకు నోరూరుతుంది."

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు.

"ఊరితే ఏం చేస్తావు?"

"బయటికెళ్ళి నిలబడతాను. పోయేదాకా."

అప్పుడే ఆమెకు అన్నయ్య దగ్గర నుంచి ఫోనొచ్చింది. ఇంటి ముందున్నాడట. ఇవాళ వద్దులే అన్నయ్యా అంది. అవతల అన్నయ్య గట్టిగానే ఏదో అన్నట్టున్నాడు. "నమ్మానని కాదు. ఇవాళ వద్దంటున్నాను, అంతే" అని పెట్టేసింది.

కుట్టాల్సిన బట్టలు అలాగే ఉన్నాయని లేచి గుమ్మం దాకా వెళ్ళింది. ఇటు తిరక్కుండానే, ఈసారి నోరూరిన రోజున దాచకుండా తనకు చెప్పమంది.

"నిన్న ఊరింది" అన్నాడు కాపరి.

ఆమె వెనక్కి వచ్చి మళ్ళీ కూర్చుంది.