రెండో స్టిక్కు

మా బాపు నన్ను చెరుకుగడతో కొట్టిన కథ మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. పెళ్ళిళ్ళలోనో భోజనాల దగ్గరో ఎవరైనా "మీ బాపు ఎంత నెమ్మదస్తుడో" అంటే చాలు, నేను మొదలుపెట్టేవాణ్ణి. బోధన్ బస్టాండు దగ్గర, నడిరోడ్డు మీద, మా బడి పిల్లలంతా చూస్తుండగా, గడ విరిగిపోయేదాకా కొట్టాడు. నేను చేసిన నేరమల్లా వీడియో గేమ్ ఆడటం. చివర్లో "అప్పటి నుంచి చెరుకురసం ముట్టను" అని ముగించేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. బాపు అక్కడ ఉంటే ఆయనా నవ్వినట్టు మూతి కదిపేవాడు. ఒక్కనాడూ కాదనలేదు, అవుననలేదు.

నవ్వుతూ చెప్పేవాణ్ణే గానీ, లోపల మంట ఆరలేదు. నాకు తిక్క ఎక్కువ. ఒకసారి మనసులో పడ్డది పడ్డట్టే ఉంటుంది. ఆ దెబ్బల తర్వాత బాపుతో అవసరానికి మించి మాట్లాడటం మానేశాను. చదువైపోయింది, నిజామాబాద్‌లో ఉద్యోగం దొరికింది, పెళ్ళయింది. మా ఇద్దరి మాటలు మాత్రం "తిన్నవా", "వానలు పడ్డయా" దగ్గరే ఆగిపోయాయి. వ్యవసాయం గురించి అడిగితే చెప్పేవాడు, నా ఉద్యోగం గురించి ఆయన అడిగేవాడు కాదు.

ఈ మధ్య ఒక శనివారం పొద్దున, మా ఇంటి సోఫాలో, ఆ కథ నా కాళ్ళ కిందనుంచి జారిపోయింది. నేనింకా తేరుకోలేదు.

ముందు ఆ షెడ్డు గురించి చెప్పాలి. బోధన్ బస్టాండు వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది. లోపల చీకటి, బీడీ వాసన, గోడకు ఆనించిన వీడియో గేమ్ మిషన్లు, ఒక్కోదానికి ఆడేందుకు రెండేసి స్టిక్కులు. నడిపే ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఉస్తాద్ దగ్గర ఇత్తడి బిల్ల తీసుకుని మిషన్‌లో వేస్తే ఆట మొదలయ్యేది. నాది ఎప్పుడూ మూల మిషనే. దాని మీద పేరున్న కాగితం ఎప్పుడో చిరిగిపోయింది కాబట్టి మేం దాన్ని రోడ్డు ఫైటు అనేవాళ్ళం.

ఆ ఆట గొప్పంతా అది మరీ సులువుగా అర్థం కావడంలోనే ఉంది. నీలం బనీనువాడొకడు, ఎర్ర ప్యాంటువాడొకడు. ఎడమ నుంచి కుడికి నడుచుకుంటూ పోవాలి, అడ్డమొచ్చిన ప్రతి రౌడీనీ తన్నాలి. ఎందుకు తన్నాలో మాకు తెలియదు. మొదట్లో ఇంగ్లీషులో ఏదో కథ పడేది, అది పూర్తిగా కనబడకముందే బటన్ నొక్కేసేవాళ్ళం. దారిలో డ్రమ్ములు ఉండేవి. గుద్దితే పగిలి లోపలినుంచి కోడి వచ్చేది. బతికిన కోడి కాదు, పళ్ళెంలో వేయించి పెట్టిన కోడి, నడిరోడ్డు మీద. అది తింటే లైఫ్ నిండేది. ఆ కోడిని ఆ డ్రమ్ములో ఎవరు పెట్టారని మాలో ఒక్కడూ అడగలేదు.

ఇంకో నియమం ఉండేది. ఇద్దరు ఆడితే ఇద్దరూ కలిసి నడవాలి. ఒకడు వెనక ఆగిపోతే తెర కదలదు. ముందున్నవాడు అంచుకు తగులుకుని, ఉన్నచోటే కాళ్ళు ఆడిస్తూ ఉంటాడు. అందుకని రెండో స్టిక్కు ఎవరి చేతికివ్వాలో ఆలోచించి ఇచ్చేవాళ్ళు. నా రెండో స్టిక్కు మాత్రం ఖాళీగానే ఉండేది. మాది వర్ని దారిలో పల్లె. బడి వదిలాక బస్సు వచ్చేదాకా మాత్రమే నేను పట్నంవాణ్ణి. పట్నం పిల్లలకు ఎవరి జోడీ వాళ్ళకుండేది. నేనొక్కణ్ణే ఆడి, మూడో స్టేజి నడుమ, గోదాము దగ్గర, మోటోడి చేతిలో చచ్చేవాణ్ణి. మోటోడు అంటే బస్తాలాంటి పొట్టవాడు. ఆ పొట్టతోనే పరుగెత్తుకొచ్చి గుద్దేవాడు. ఎన్నిసార్లు ఆడినా వాణ్ణి దాటలేకపోయాను.

దెబ్బలు తిన్నది చెరుకు నడిచే రోజుల్లో. ఇప్పుడా చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, మేమూ వరికి మారాం గానీ, అప్పట్లో ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడుగునా లైను కట్టేవి. తూకం అయ్యేసరికి ఒక్కోసారి మరుసటి రోజు వచ్చేది. మా చెరుకూ ఆ లైనులోనే, బాపూ ఆ లైనులోనే. ఆ సాయంత్రం నేను మోటోడి ముందు ఉన్నాను. గుమ్మంలో వెలుతురుకు ఎవరో అడ్డం వచ్చారు. తల తిప్పి చూస్తే బాపు. స్టిక్కు వదిలేసి వెనక తలుపులోంచి ఉరికాను, మోరీ కాలువ దూకి రోడ్డెక్కాను. ఏదో ట్రాక్టరు కీచుమంటూ ఆగింది. వెనకనుంచి బాపు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు, ఆ ట్రాలీలోంచే ఒక గడ గుంజాడు. కొడుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

నేను మళ్ళీ ఆ షెడ్డు మొహం చూడలేదు. ఉద్యోగం వచ్చాక టీవీకి పెట్టుకునే గేమ్ కొన్నాను, క్యాసెట్ పెట్టేది. ఇంటి కోసం చేసిన రోడ్డు ఫైటు అది. చూసి నెత్తి కొట్టుకున్నాను. రౌడీలు ఒకేసారి ఇద్దరికంటే ఎక్కువ రారు, రంగులు వెలిసిపోయాయి, కోడి లేదు. అన్నిటికంటే అన్యాయం, ఆట ఒక్కరిదే. పెట్టెతోపాటు రెండో స్టిక్కు ఇచ్చారు, ఎంత నొక్కినా దానికి ఎవడూ పలకడు. ఆ పెట్టెను అటకెక్కించాను. ఈ ఏడు నిజామాబాద్‌లో ఒక దుకాణంలో, టీవీ వెనక గుచ్చే చిన్న ముక్క ఒకటి చూశాను. అందులో పాత మిషన్ ఆటలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయని చెప్తే తెచ్చుకున్నాను. రెండు రిమోట్లు వచ్చాయి. రోడ్డు ఫైటు అందులో ఉంది, కోడితో సహా.

అదే రోజుల్లో బాపు పొలం ఒడ్డు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కట్టు విప్పాక కుడిచేతి వేళ్ళు బిగుసుకుపోయాయి. పిసుకుతూ ఉండమని ఆసుపత్రివాళ్ళు రబ్బరు బంతి ఇచ్చారు. "నేనేమన్న సిన్నపోరన్నా" అని ఆయన దాన్ని కిటికీలో పెట్టి మరిచిపోయాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోతుందేమోనని మా అందరికీ బెంగ. ఆ శనివారం నేనొక్కణ్ణే ఆడుకుంటుంటే వంటింట్లోంచి నా భార్య అంది.

"గా రెండోది మామకియ్యరాదు? సేతి ఏళ్ళన్న ఆడుతయి."

సగం వేళాకోళంగానే ఇచ్చాను. బాపు రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏ బటన్ దేనికని అడగలేదు. ఎర్ర ప్యాంటువాడు తెరమీదికి వచ్చి నడవడం మొదలుపెట్టాడు. బిగుసుకున్న వేళ్ళు ఆలస్యంగా కదులుతున్నాయి గానీ, తప్పుచోట నొక్కడం లేదు. టీవీలో చూసి పట్టేశాడు కాబోలు అనుకున్నాను. డ్రమ్ము పగిలి కోడి వచ్చింది. బాపు మనిషి దాని పక్కనే ఉన్నాడు, తినకుండా జరిగాడు.

"తిను బాపు, లైఫ్ నిండుతది."

"ఇయ్యాల శనివారం. ఒక్కపొద్దు. నువ్వు తిను, నీదే తక్కువున్నది."

వంటింట్లో నా భార్య పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, లైఫ్ తక్కువున్న సంగతి ఈయనకెలా తెలిసిందని ఒక అనుమానం తగిలి పోయింది. మూడో స్టేజికి వచ్చాం. గోదాము కనబడింది. తెరమీద ఇంకా ఎవడూ లేడు.

"ఇగ మోటోడొస్తడు," అన్నాడు బాపు. "ముంగట వడకు. జర కిందికి దిగు. వాడు ఉరికినంక ఎన్కనుంచి కొట్టు."

మోటోడు అప్పుడు వచ్చాడు.

నా చేతులు ఆగిపోయాయి. మోటోడు అన్నది మేం షెడ్డులో పెట్టుకున్న పేరు. ఆ పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నీకెట్ల తెలుసు?"

"ఆడిన గద. బోధన్ల. రేకుల షెడ్డుల."

ముందు నాకు వచ్చింది కోపమే. "నన్ను గంత కొట్టి, నువ్వు ఆడినవా?" అని అరిచినంత పని చేశాను. నా భార్య గరిటెతోనే తలుపు దగ్గరికి వచ్చింది. బాపు కళ్ళు టీవీ మీదినుంచి తిప్పలేదు. ఎర్ర ప్యాంటువాడు కిందికి దిగి, పక్కకు జరిగి, మోటోణ్ణి వెనకనుంచి గుద్దుతున్నాడు.

"కొట్టినంక కాదు, ముందుగాల. తూకం లైన్ల నిలవడుతుంటిమి గదా, ఏం పని? నువ్వు రోజు లేటుగ వస్తుంటివి, ఇంట్ల మాట్లాడకపోతుంటివి. గా షెడ్డుల ఏమున్నదో సూద్దామని పోయిన. నువ్వు బళ్ళె ఉన్నప్పుడు. నీ కొడుకు ఒక్కడే ఆడుతడు, జోడీ దొరకదు అని ఉస్తాదే సెప్పిండు. ఆయనే నేర్పిండు."

మోటోడు పడిపోయాడు. ఇన్నేళ్ళలో వాడు పడటం నేను చూసింది అదే మొదలు. చూశాను గానీ చూసినట్టు లేదు.

"గా దినం నీతోని ఆడుదమని వచ్చిన," అన్నాడు బాపు. "సేతుల బిల్లలు పట్టుకోనే వచ్చిన. నువ్వు నన్ను సూసి ఉరికినవ్."

"మరి ఎందుకు కొట్టినవ్?"

బాపు రిమోట్ ఒళ్ళో పెట్టి కుడిచెయ్యి ఎత్తాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెద్దామని చూశాడు. బిగుసుకున్న వేళ్ళు రాలేదు. ఎడమచేత్తో వాటిని నొక్కి, దగ్గరికి తెచ్చి చూపించాడు. మధ్యలో అంగుళం కూడా లేదు.

"ట్రాక్టర్ టైరు నీకు గింత దూరంల ఆగింది. నన్ను సూసి ఉరికి దాని కింద పడుతుంటివి. నన్ను సూసి, బిడ్డా. నాకు ఏం సెయ్యాల్నో తెల్వలే."

నా కథలో అబద్ధం లేదు. గడ నిజం, దెబ్బలు నిజం, చూసిన పిల్లలు నిజం. ట్రాక్టరు కీచుమన్న చప్పుడు కూడా ఎప్పుడూ చెప్పేవాణ్ణే, అది ఎవరి కోసం ఆగిందో మాత్రం ఆలోచించలేదు. ఎదురుగా బాపు కూర్చుని వింటుండగా ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పి ఉంటాను. నాకు సిగ్గు వేయలేదు, ఏడుపు రాలేదు. ఉత్త దిమ్మ. ఇన్నాళ్ళూ నిలబడ్డ నేల నాది కాదని ఎవరో వచ్చి నెమ్మదిగా చెప్పినట్టుంది.

"ఎన్నడు సెప్పకపోతివి బాపు?"

"నువ్వు నవ్వుకుంట సెప్తుంటివి గదా. నవ్వుతున్నవ్, మంచిగనే ఉన్నవ్ అనుకున్న."

నా భార్య లోపలికి వెళ్ళిపోయింది. తెరమీద ముందుకు పొమ్మని బాణం గుర్తు మెరుస్తోంది. నీలం బనీనువాడు ఎడమ మూలన నేను వదిలేసిన చోటే నిలబడి ఉన్నాడు. బాపు మళ్ళీ రిమోట్ తీసుకున్నాడు. ఎర్ర ప్యాంటువాడు కుడి అంచుదాకా పోయి, అక్కడ తగులుకుని, ఉన్నచోటే కాళ్ళు ఆడిస్తున్నాడు.

"నడువు బిడ్డా," అన్నాడు బాపు. "నువ్వు రాకుంటే నాది పోతలేదు."